పదిహేడుసార్లు నువ్వు

పెద్దిరాజు మా కాలేజీలో అటెండరు. ఇంగ్లీషు క్లాసు ముందు వరండాలో ఒక స్టూలు, దాని పక్కన వేలాడే రైలుపట్టా ముక్క, దాన్ని కొట్టడానికి ఒక ఇనప కమ్మీ. ఇరవై నాలుగేళ్ల అతని ఉద్యోగం ఈ మూడింటి మధ్యే గడిచింది. నేను ఆ కాలేజీ ఆఫీసులో టైపిస్టుగా చేరింది డెబ్బై తొమ్మిదిలో. అప్పటికే అతనికి జుట్టు సగం నెరిసింది. నాకన్నా పాతికేళ్లు పెద్ద. అయినా నేనూ అతన్ని నువ్వు అనే పిలిచేవాణ్ణి. అటెండర్ని మీరు అనాలని అప్పట్లో నూజివీడులో ఎవరికీ తోచేది కాదు.

అతని సొంతూరు చాట్రాయి పక్కన. ముప్పై నాలుగేళ్లు వచ్చేదాకా బసవపున్నారావుగారి మామిడి తోటల్లో కాయలు కోశాడు. పొడుగాటి కర్రకు చిక్కం కట్టుకుని, తొడిమ విరగకుండా, సొన కారకుండా కాయ దింపడంలో అతనంత నేర్పరి ఆ చుట్టుపక్కల లేడనేవారు. అరవై మూడులో ఒక రసాల చెట్టు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. అదే ఏడు బసవపున్నారావుగారు కాలేజీ కమిటీకి ప్రెసిడెంటయ్యారు. చెట్టెక్కలేని మనిషి బెల్లు కొట్టగలడు కదా అని తీసుకొచ్చి ఆ స్టూలు మీద కూర్చోబెట్టారు. పెద్దిరాజు భార్య దుర్గ మాత్రం తోటలోనే ఉండిపోయింది. కోసిన కాయల్ని బుట్టల్లో గడ్డి పరిచి సర్దడం ఆమె పని.

స్టూలు మీద కూర్చున్నవాడికి బెల్లుకీ బెల్లుకీ మధ్య ముప్పావుగంట ఖాళీ. వెనకే కిటికీ. కిటికీ లోపల లక్ష్మీనరసింహారావుగారు. ఆయన ఇంగ్లీషు లెక్చరరు. డిగ్రీ పిల్లలకి నాలుగు వందల ఏళ్ల నాటి నాటకమొకటి ప్రతి సంవత్సరమూ చెప్పేవారు. అదే పాఠం, అవే జోకులు, జోకు తర్వాత అదే దగ్గు. పిల్లలు మూడేళ్లు విని వెళ్లిపోయేవాళ్లు. పెద్దిరాజు ఎక్కడికీ వెళ్లలేదు. అయిదో క్లాసు చదువుతోనే వచ్చినవాడు కొన్నాళ్లకి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాడు, ఇంకొన్నాళ్లకి నాటకమంతా నోటికి పట్టేశాడు. బజార్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడమంటే మాట్లాడలేడు. ఒక రాజు మరో రాజుని యుద్ధానికి పిలవాలంటే మాత్రం ఏమనాలో తడుముకోకుండా చెప్పేవాడు.

ఆ పాఠంలో లక్ష్మీనరసింహారావుగారికి బాగా ఇష్టమైన భాగం ఒకటుంది. నేనూ చాలాసార్లు విన్నాను, ఆఫీసు గది పక్కనే కాబట్టి. పాత ఇంగ్లీషులో ఎదుటి మనిషిని పిలవడానికి రెండు మాటలు ఉండేవని చెప్పేవారు. దౌ అంటే నువ్వు. దీ అంటే నిన్ను. దై అంటే నీ. యూ అంటే మీరు. రాజు బంటుని దౌ అంటాడు, బంటు రాజుని యూ అంటాడు. మొగుడూ పెళ్లాల మధ్య మురిపెం ఎక్కువైతే దౌ. పోట్లాట ఎక్కువైనా దౌ. దేవుణ్ణి మాత్రం ఎప్పుడూ దౌ. "అంటే మన తెలుగే అన్నమాట. కాకపోతే వాళ్లకి తమరు అనే మాట లేదు, పాపం," అనేవారు. పిల్లలు నవ్వేవారు. ఆయన దగ్గేవారు. వెంటనే కిటికీలోంచి, "ఒరేయ్ పెద్దిరాజూ, సుద్దముక్క పట్రా," అని కేకేసేవారు.

పెద్దిరాజు సుద్దముక్క తెచ్చి ఇచ్చేవాడు. ఆ పాఠానికీ ఆ కేకకీ ఏదైనా సంబంధం ఉందని ఆయనకి ఏనాడూ తట్టలేదు.

ఎనభై అయిదులో బసవపున్నారావుగారికి అరవై ఏళ్లు నిండాయి. అదే ఏడు ఆయన విరాళంతో కాలేజీకి మూడు కొత్త గదులు లేచాయి. ఫిబ్రవరిలో గదుల ప్రారంభోత్సవమూ సన్మానమూ కలిపి పెట్టాలని కమిటీ తీర్మానించింది. సన్మానపత్రం మామూలుగా తెలుగులో రాసి, అద్దం కట్టించి ఇస్తారు. బసవపున్నారావుగారికి అది సరిపోలేదు. అంతకు నెల ముందు బాపులపాడులో బంధువులింటికి వెళ్లినప్పుడు ఆయన గోడ మీద ఒక పటం చూశారు. ఆ బంధువుగారి తాత దొరల కాలంలో సత్రం కట్టిస్తే ఊరివాళ్లు ఇంగ్లీషులో రాయించి ఇచ్చిన పత్రమది. బంధువు దాన్ని పైకి చదివి వినిపించాడట. అర్థం ఇద్దరికీ తెలియలేదు. లైనుకి ఒకసారి దౌ, దౌ అని వస్తుంటే మాత్రం డోలు మీద దెబ్బ పడ్డట్టు ఉందని బసవపున్నారావుగారు మెచ్చుకున్నారు. తన పత్రంలో కూడా ఆ మాట పడాలన్నారు. పడటమే కాదు, బాపులపాడు పత్రంలో కన్నా ఎక్కువసార్లు పడాలన్నారు.

రాసే పని లక్ష్మీనరసింహారావుగారి మీద పడింది. ఆయనకి ఆ మాట అర్థం తెలుసు. ప్రెసిడెంటుగారికి తెలియదని కూడా తెలుసు. చెప్పే ధైర్యం మాత్రం లేదు. వారం రోజులు ఆలోచించి, దేవుణ్ణి కూడా అదే మాటతో పిలుస్తారు కాబట్టి ఇది గౌరవానికి పరాకాష్ఠ అనే నిర్ణయానికి వచ్చి, కాగితం నా బల్ల మీద పెట్టారు. నేను టైపు చేశాను. పెద్దిరాజు టీ తెచ్చి బల్ల మీద పెడుతూ, మిషనులో ఉన్న కాగితం వైపు వంగి కాసేపు చూశాడు.

"టైపిస్టుగారూ, ఇది అయ్యగారికాండి?"

అవునన్నాను.

"ఇందులో అయ్యగార్ని నువ్వు అంటున్నారండి."

నేను టీ తాగుతూ, నీకెందుకు పో అన్నాను. అతను వెళ్లిపోయాడు. ఇంగ్లీషు ఎమ్మే చదివిన లెక్చరరు రాసిందాన్ని అటెండరు తప్పు పట్టడమేంటని నా ధీమా.

సన్మానం రోజు పొద్దున లక్ష్మీనరసింహారావుగారికి గొంతు పోయింది. పత్రం గంభీరంగా చదవాలని వారం రోజులుగా ఇంటి డాబా మీద అరిచి సాధన చేశారట. ఆ రోజుకి మాట పెగలడమే మానేసింది. కెమిస్ట్రీ చెప్పే ప్రిన్సిపాలుగారు కాగితం తీసుకుని మొదటి రెండు లైన్లు చదవబోయి, హాస్ట్ అనే పాత మాట దగ్గర ఒకసారి, ఆర్ట్ అనే దాని దగ్గర ఒకసారి ఆగిపోయారు. మిగతా లెక్చరర్లలో ఒకరు లెక్కలు, ఒకరు కామర్సు. ముఖ్య అతిథిగా వచ్చే రిటైర్డు జడ్జిగారు అప్పటికే హనుమాన్ జంక్షన్ దాటారని కబురొచ్చింది. లక్ష్మీనరసింహారావుగారు చెమటలు కక్కుతూ కిటికీ వైపు వేలు చూపించారు. ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు ఒక చీటీ మీద "పెద్దిరాజు" అని రాశారు.

ప్రిన్సిపాలుగారి కోటు తొడిగి పెద్దిరాజుని వేదిక ఎక్కించారు. చేతులు పొట్టిగా, భుజాలు బిగుతుగా ఉన్న ఆ కోటులో అతను మైకు ముందు నిలబడ్డాడు. మూడు వందల మంది ఉంటారు. ముందు వరసలో కమిటీ రైతులు, వెనక విద్యార్థులు, చివర తోటల్లోంచి లారీలో తెచ్చిన కూలివాళ్లు, వాళ్లలో దుర్గ. బసవపున్నారావుగారు ఎర్ర వెల్వెట్ కుర్చీలో, మెడలో మూడు దండలతో ఉన్నారు.

పెద్దిరాజు చదివాడు. అచ్చం లక్ష్మీనరసింహారావుగారు చదివినట్టే, ఆగాల్సిన చోట ఆగి, చెయ్యెత్తాల్సిన చోట ఎత్తి చదివాడు. దౌ ఆర్ట్ అవర్ షేడ్, అన్నాడు. మాకు నీడవి నువ్వే. దౌ హాస్ట్ గివెన్ అస్ దీజ్ రూమ్స్, అన్నాడు. నువ్వే మాకీ గదులిచ్చావు. వుయ్ ప్రెయిజ్ దీ. నిన్ను పొగుడుతున్నాం. మొదటి రెండు దౌల దగ్గర కొద్దిగా తడబడ్డాడు. తర్వాత సర్దుకున్నాడు. సగానికొచ్చేసరికి కాగితం చూడటం మానేసి బసవపున్నారావుగారి మొహంలోకే చూస్తూ చదివాడు. దౌ వచ్చినప్పుడల్లా ఆయన తల పంకిస్తున్నారు. జడ్జిగారు మాత్రం రుమాలు తీసి చాలాసేపు మూతి తుడుచుకున్నారు.

చప్పట్లు బాగా మోగాయి. బసవపున్నారావుగారు సంతోషం పట్టలేక పెద్దిరాజుని దగ్గరికి పిలిచి భుజం తట్టారు. "బాగా చదివావురా," అన్నారు. పత్రం వాళ్ల హాల్లో, వచ్చినవాళ్లకి ఎదురుగా కనపడేలా, గడియారం కింద మేకుకి ఎక్కింది.

ఏప్రిల్లో ఆయన చిన్న కోడలు కృష్ణవేణి పుట్టింటి నుంచి వచ్చింది. ఆ అమ్మాయి బెజవాడలో ఎమ్మే ఇంగ్లీషు చదువుతోంది. పురిటికి వెళ్లి ఉండటంతో సన్మానం చూడలేదు. బిడ్డని ఎత్తుకుని హాల్లో తిరుగుతూ ఆ పత్రం మొదటి నుంచి చివరిదాకా చదివి, మామగారు కాఫీ తాగుతుంటే ఎంతో మామూలుగా అంది.

"ఇందులో మిమ్మల్ని పదిహేడుసార్లు నువ్వు అన్నారండి, మావయ్యగారూ."

మనిషి మంచిదే. వినోదంగా ఉంటుందని చెప్పింది. బసవపున్నారావుగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, ఇంకోసారి లెక్కపెట్టమన్నారు. పదిహేడే.

ఆ మధ్యాహ్నమే లక్ష్మీనరసింహారావుగారికి కబురెళ్లింది. అప్పటికి ఆయనకి గొంతు వచ్చేసింది. దేవుణ్ణి అనే మాట అనీ, వెంకటేశ్వరస్వామిని మాత్రం మనం మీరు అంటామా అనీ ఆయన వాదించారట. నన్ను గుళ్లో పెట్టి, ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టి అప్పుడు నువ్వు అనండి, కుర్చీలో కూర్చోబెట్టి అనకండి అన్నారట బసవపున్నారావుగారు. దాంతో లెక్చరరుగారు దారి మార్చారు. రాతలో దోషం లేదనీ, భక్తితో చదివితే దేవుణ్ణి పిలిచినట్టే ఉండేదనీ, ఆ పెద్దిరాజు చదివిన తీరులోనే ఏదో తేడా ఉందనీ చెప్పి బయటపడ్డారు.

ఆ ఆదివారం పెద్దిరాజుని తోటకి రమ్మన్నారు. బంగినపల్లి కోత జోరుగా ఉంది. నేను కూడా అక్కడే ఉన్నాను, ఇంటికి ఒక బుట్ట కాయలు తీసుకుందామని వెళ్లి. పాక నీడలో మడత కుర్చీ వేసుకుని కూర్చున్నారు ప్రెసిడెంటుగారు. పక్కనే దుర్గ గడ్డి పరిచి కాయలు సర్దుతోంది.

"ఏరా, దౌ అంటే ఏంటో నీకు తెలుసా?" అని అడిగారు.

"తెలుసండి. ఇరవై రెండేళ్ల నుంచి వింటున్నానండి."

"తెలిసీ నన్నలా అన్నావా?"

"నేననలేదండి. కమిటీ అందండి. నేను చదివానండి."

ఆయన కుర్చీ చేతి మీద వేళ్లతో కొట్టారు. "చదువుతుంటే నీకేమీ అనిపించలేదా?" అన్నారు చివరికి.

అనిపించలేదని చెప్పి ఉంటే అంతటితో పోయేది. పెద్దిరాజు నిజంగానే గుర్తు చేసుకుంటున్నవాడిలా నేల వైపు చూశాడు.

"మొదటి రెండుసార్లు నోరు తిరగలేదండి. తర్వాత అలవాటైపోయిందండి."

దుర్గ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. నేను నా బుట్ట సంగతి మర్చిపోయి ఇంటికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే బసవపున్నారావుగారు కాలేజీ ఆఫీసుకి వచ్చారు. పెద్దిరాజుని ఉద్యోగంలోంచి తీసెయ్యాలి. తీసెయ్యాలంటే కమిటీ మినిట్సులో కారణం రాయాలి. ప్రెసిడెంటుగారిని పదిహేడుసార్లు నువ్వు అన్నందుకు అని రాస్తే, ఇప్పటిదాకా తెలియనివాళ్లందరికీ తెలుస్తుంది. పైగా వాళ్లంతా చప్పట్లు కొట్టినవాళ్లు. ఫైళ్లన్నీ వెతికితే ఒక్క తప్పు దొరికింది. సన్మానం రోజు నాలుగు గంటల బెల్లు మోగలేదు. దాని మీద సంజాయిషీ అడుగుతూ మెమో ఇవ్వాలని నిర్ణయించారు. మెమో ఇంగ్లీషులో ఉండాలి. "అందులో వాణ్ణి దౌ అని రాయండి. వాడికి బాగా అర్థమవుద్ది," అన్నారు.

నేను లక్ష్మీనరసింహారావుగారిని పిలుచుకొచ్చాను. ఆయన చేతులు నలుపుకుంటూ, ఆ మాట ఇప్పుడు వాడుకలో లేదన్నారు. ఎందుకు లేదని ప్రెసిడెంటుగారు అడిగారు. ఎవర్ని నువ్వంటే ఏం తంటా వస్తుందోనని ఇంగ్లీషువాళ్లు పెద్దవాళ్లని మీరన్నారు, తర్వాత సాటివాళ్లని అన్నారు, ఆ తర్వాత పనివాళ్లని కూడా అన్నారు, అలా అంటూ అంటూ నువ్వు అనే మాటే పోగొట్టుకున్నారని వివరించారు లెక్చరరుగారు. ఇప్పుడు రాణిగారూ యూనే, ఆవిడ గుర్రాలు కాసేవాడూ యూనే. ఆఫీసు మెమోలో దౌ అని రాస్తే పై ఆడిటువాళ్లు నవ్వుతారు.

బసవపున్నారావుగారు ఆయన వైపు తిరిగారు. "అంత పెద్ద భాషలో పనివాణ్ణి పిలవడానికి ఒక్క మాట లేదా?" అన్నారు. ఆ గొంతులో కోపం కన్నా జాలి ఎక్కువగా వినిపించింది నాకు. అన్ని దేశాలు ఏలినవాళ్లు ఇల్లు ఎలా నడుపుకుంటున్నారో ఆయనకి అర్థం కాలేదు.

మెమో నేనే టైపు చేశాను. యూ ఆర్ హియర్‌బై డైరెక్టెడ్ అని మొదలవుతుంది అది. పెద్దిరాజు సంతకం పెట్టి తీసుకుని స్టూలు మీద కూర్చుని ఒకసారి లోపల, ఒకసారి పైకి చదువుకున్నాడు. తర్వాత ఆఫీసు గుమ్మంలోకి వచ్చి, దీనికి ఇంకో కాపీ దొరుకుతుందా అని అడిగాడు. మెమోకి కాపీ అడిగిన మనిషిని నేను అదివరకు చూడలేదు. కార్బన్ కాపీ ఉంటే ఇచ్చాను.

ఇంటికి తీసుకెళ్లి దుర్గకి వినిపించాడట. ఈ సంగతి తర్వాత ఆమే చెప్పింది. "తమరిని ఇందుమూలంగా సంజాయిషీ కోరడమైనది" అని తెలుగు చేసి, కాలేజీ తనని మీరు అన్న మొదటి కాయితం ఇదేనని మురిసిపోయాడట. దుర్గ పొయ్యి దగ్గర్నుంచి లేవకుండానే, "తీసేసేటప్పుడు గానీ ఇవ్వరా ఏంటి మర్యాద?" అందట.

సంజాయిషీ ఇంగ్లీషులోనే రాసిచ్చాడు. మూడే వాక్యాలు. ఆ రోజు నాలుగు గంటలకు తాను వేదిక మీద తమరి గుణగణాలు చదువుతున్నాననీ, అప్పటికి పదకొండో వాక్యంలో ఉన్నాననీ, తమరు సెలవిచ్చి ఉంటే మధ్యలో ఆపి వెళ్లి బెల్లు కొట్టి వచ్చి మిగతాది చదివేవాణ్ణనీ. దౌ ఒక్కటీ లేదు. అన్నీ యూలే, అన్నీ పెద్ద అక్షరంతో. కమిటీ ముందు దాన్ని తెలుగు చేసి చదివితే ఒకరిద్దరు రైతులు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇకమీదట జాగ్రత్తగా ఉండవలెను అని ఒక ముక్క రాసి ఫైలు మూసేశారు.

ఆ తర్వాత ఒక చిత్రం జరిగింది. బసవపున్నారావుగారు పెద్దిరాజుని ఏమనీ పిలవడం మానేశారు. నువ్వు అంటే పత్రం గుర్తొచ్చేది కాబోలు. మీరు అనడం ఆయన వల్ల అయ్యే పని కాదు. దాంతో ఇద్దరి మధ్యా మనిషే లేని మాటలు మొదలయ్యాయి. "కొత్త గది తాళాలు తియ్యాలి" అనేవారు గోడ వైపు చూస్తూ. "భోజనం అయినట్టేనా?" అనేవారు. పెద్దిరాజు కూడా తమరు అనడం తగ్గించాడు. "తీసెయ్యడం అయిందండి" అనేవాడు. ఏరా పోయింది, ఒరేయ్ పోయింది. వాటి స్థానంలోకి ఏదీ రాలేదు. పత్రం మాత్రం హాల్లోనే ఉంది. తీసేస్తే ఎందుకు తీశారని నలుగురూ అడుగుతారుగా. ఆ మరుసటి సంవత్సరం సిలబసు మారి, పాత నాటకం పోయి ఉత్తరాలు రాయడం, దరఖాస్తులు నింపడం వచ్చాయి. లక్ష్మీనరసింహారావుగారు జోకులు లేక క్లాసు పది నిమిషాల ముందే వదిలేసేవారు.

ఎనభై ఏడులో పెద్దిరాజు రిటైరయ్యాడు. ఊరికే ఇంట్లో కూర్చోలేక మళ్లీ తోటకే వెళ్లాడు, ఈసారి కాపలాకి. బసవపున్నారావుగారు కాదనలేదు. "పాకలో మంచం ఉంది" అన్నారట అంతే. కొడుకులు వ్యవహారాలు చూసుకోవడంతో ఆయనకీ పొద్దు పోయేది కాదు. రోజూ తోటకొచ్చి, పాకలో చెరో మూల కూర్చుని, ఎవరి పేరూ లేకుండా సాయంత్రం దాకా పూత గురించీ పిందె గురించీ మాట్లాడుకునేవాళ్లు.

ఎనభై తొమ్మిది మే నెలలో ఒక మధ్యాహ్నం పెద్ద గాలివాన కొట్టింది. కాయలు రాళ్లవానలా రాలుతున్నాయి. పాక పైకప్పు లేచిపోతోందని అందరూ బయటికి పరుగెత్తారు. ఈ సంగతంతా నాకు చెప్పింది దుర్గ. ఆమె బుట్టల మీద పట్టా కప్పుతోంది. బసవపున్నారావుగారు ఎటు వెళ్లాలో తెలియక ఒక ముసలి రసాల చెట్టు కింద నిలబడిపోయారు. పైన కొమ్మ ఫెళ్లుమంది.

"నువ్వు ఇవతలికి రా!" అని అరిచాడట పెద్దిరాజు.

ఆయన కదల్లేదు. నడుం నొప్పి మనిషి ఉరికి వెళ్లి, చెయ్యి పట్టుకుని లాగాడు. ఆయన జారి బురదలో పడుతూ, "ఒరేయ్, నువ్వు జాగ్రత్తరా!" అన్నారట. కొమ్మ వాళ్లకి రెండు బారల దూరంలో పడింది.

వాన వెలిశాక ఇద్దరూ తడిబట్టలతో, బురదకాళ్లతో వచ్చి రాలిన కాయల్ని చూశారు. జరిగినదాని ఊసు ఎవరూ ఎత్తలేదు. కాసేపయ్యాక, దెబ్బతిన్నవి పచ్చళ్లకి పంపాలి అన్నారట ఒకరు. పంపాలి అన్నారట రెండో ఆయన. ఎవరు ముందన్నారని దుర్గని అడిగాను. తను కాయలు ఏరుతోందట, చూడలేదంది.